కిరీటం తీసేస్తే చాలదు

బ్రిటన్‌లో రాజరికం పోయి గణతంత్రం వచ్చి ఉంటే అక్కడి ప్రభుత్వ వ్యవస్థలు ఎలా ఉండేవి? చరిత్రను మరో దారిలో ఊహించి చూసేవారికి ఇష్టమైన ప్రశ్న ఇది. అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకోవాలి, ప్రభువుల సభ స్థానంలో ఏం పెట్టాలి అన్నచోటే ఈ చర్చ ఎక్కువగా తిరుగుతుంది. మనకు ఇది ఉత్త ఊహ కాదు. వెస్ట్‌మినిస్టర్ తరహా పార్లమెంటును ఉంచుకుని, రాజును పక్కనపెట్టి, 1950 జనవరి 26న గణతంత్రమయ్యాం. ఆ నిర్మాణంలో బలమెంతో, లోపమెక్కడో అనంతపురం జిల్లా చరిత్రలోనే కనిపిస్తుంది. పై కొసన ఇల్లూరులో పుట్టి రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి, కింది కొసన గుత్తిలో ఖననమైన బ్రిటిష్ కలెక్టరు థామస్ మన్రో ఉన్నారు.

ఇంగ్లండ్ ఒకసారి గణతంత్రమైంది కూడా. 1649లో ఒకటో ఛార్లెస్‌కు శిరచ్ఛేదం చేసి రాజరికాన్నీ, ప్రభువుల సభనూ రద్దు చేశారు. 1653లో లిఖిత రాజ్యాంగం తెచ్చి ఆలివర్ క్రామ్‌వెల్‌కు జీవితాంతం అధినేత పదవి ఇచ్చారు. రెండేళ్లకే దేశాన్ని ప్రాంతాలుగా విభజించి మేజర్ జనరళ్లకు అప్పగించారు. శాంతిభద్రతలూ, ప్రత్యేక పన్ను వసూలూ వారి చేతుల్లోకే వెళ్లాయి. 1660లో రాజరికం తిరిగొచ్చింది. రాజు పోయినా అధికారం ఒకే చేతిలో పోగుపడడం ఆగలేదు. ఆ ప్రయోగం కూలడానికి అదొక ముఖ్య కారణం.

మన రాజ్యాంగ సభ ఇంతకంటే జాగ్రత్తపడింది. రాష్ట్రపతిని ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. మంత్రిమండలి సలహాపై ఆయన నడుచుకుంటారు. కానీ ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేనప్పుడు ముందుగా ఎవరిని పిలవాలో రాజ్యాంగంలో రాయలేదు. బ్రిటిష్ సంప్రదాయానికే వదిలేశారు. ఆ సభలో సభ్యుడైన సంజీవరెడ్డికే మూడు దశాబ్దాల తర్వాత రాష్ట్రపతిగా ఆ ఖాళీ ఎదురైంది. 1979 జులైలో ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. ప్రభుత్వం ఏర్పాటు చేయమని సంజీవరెడ్డి చరణ్‌సింగ్‌ను పిలిచారు. చరణ్‌సింగ్ లోక్‌సభ విశ్వాసం పొందకుండానే ఆగస్టు 20న తప్పుకున్నారు. జనతా పార్టీ నేత జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇవ్వాలని కోరినా, రెండు రోజుల్లో లోక్‌సభ రద్దయింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న వాదన నేటికీ ఉంది. నా దృష్టిలో అసలు తప్పు అంత బరువును ఒక్క మనిషి విచక్షణ మీద మోపిన నిర్మాణానిది.

దీనికి మందు బ్రిటన్‌లోనే ఉంది. 1998 చట్టంతో ఏర్పడిన స్కాట్లండ్ పార్లమెంటు తన ఫస్ట్ మినిస్టర్‌ను తానే ఎంపిక చేసుకుంటుంది. రాజు చేసే నియామకం లాంఛనమే. లండన్‌లో అలా కాదు. 2019లో ప్రధాని సలహాపై రాణి పేరుతో పార్లమెంటును ఐదు వారాలు ప్రొరోగ్ చేసి సమావేశాలు నిలిపివేస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఊహల్లోని బ్రిటిష్ గణతంత్రం ముందుగా చేయాల్సింది ఇదే: రాజు పేరుతో సాగే ప్రతి అధికారాన్నీ జాబితాగా రాసి, అది సభకు చెందుతుందో, కోర్టుకు చెందుతుందో, అధ్యక్షుడికి చెందుతుందో తేల్చాలి.

పైన ఇంత చేసినా సగం పనే అవుతుంది. మిగతా సగం కింద, జిల్లాలో ఉంది. నిజాం 1800లో ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక మన్రో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఏడేళ్లు పనిచేశారు. రైతు పేరునే పట్టా ఉండే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పారు. ఆయన పట్టుబట్టగా వచ్చిన 1816 నిబంధనలతో మద్రాసు రాజధానిలో మేజిస్ట్రేటు అధికారం కూడా కలెక్టరుకే దక్కింది. మద్రాసు గవర్నరుగా ఉంటూ 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే, గుత్తిలో ఖననం చేశారు. తర్వాత అవశేషాలను మద్రాసుకు తరలించారు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత అభిమానం ఆయన సంపాదించారు. ఆ అభిమానం న్యాయమైనదే. కానీ మంచి మనిషి కూర్చున్నప్పుడు మాత్రమే మంచి చేసే కుర్చీని వ్యవస్థ అనలేం.

స్వతంత్ర భారతం ఆ కుర్చీని దాదాపు అలాగే ఉంచింది. సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అయినా నాటి చట్టం జిల్లా పరిషత్ స్థాయీ సంఘాలకు కలెక్టరునే అధ్యక్షుణ్ణి చేసింది. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, స్థానిక సంస్థలకు ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2018లో గడువు తీరిన పంచాయతీలకు ఎన్నికలు జరిగింది 2021లో. గుత్తి చుట్టుపక్కల వేరుశనగ ఎండిపోతే కరువు మండలంగా ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. దానికి ఆధారం కలెక్టరు పంపే నివేదిక. రైతు ఓటేసి గెలిపించిన జిల్లా పరిషత్‌కు ఆ నిర్ణయంలో అధికారం లేదు.

కాబట్టి బ్రిటన్‌కైనా మనకైనా సూత్రం ఒకటే: పైన ప్రభుత్వాధినేతను సభే ఎన్నుకోవాలి; కింద జిల్లా పాలనాధికారి ఎన్నికైన సభకు జవాబు చెప్పాలి. అనంతపురం జిల్లా పరిషత్‌కు కరువు నివేదికను పరిశీలించి, సవరించి, ఆమోదించే అధికారం ఇవ్వడానికి రాష్ట్ర శాసనసభ చేసే చట్టం చాలు. ఆ పని రాబోయే సమావేశాల్లోనే మొదలుపెట్టాలి.