మైలేజీ కోసం నిద్ర అమ్ముకోకండి

కాజీపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. భర్త గూడ్సు బండి డ్రైవరు. ఇప్పటి పేరు లోకో పైలట్. వయసు 46. "వారంలో సగం రోజులు బల్లార్షా, విజయవాడ రన్నింగ్ రూముల్లోనే. ఇంటికొస్తే పగలు పడుకుంటారు, గంటకోసారి లేస్తారు. గురక పక్కింటికి వినిపిస్తుంది. కుర్చీలో కూర్చున్నా కునుకే. డాక్టరుకు చూపించుకోమంటే, మెడికల్‌లో తప్పిస్తే మైలేజీ పోతుందంటారు. ఏం చేయాలి?"

ఇది ఒక్క ఇంటి బాధ కాదు. గార్డులు, నర్సులు, నైట్ బస్సు డ్రైవర్లు, విమాన పైలట్లు, అందరి ఇళ్ళలోనూ ఉన్నదే.

రైల్వేలో రన్నింగ్ సిబ్బందికి జీతంతోపాటు, నడిపిన కిలోమీటర్లను బట్టి అలవెన్సు వస్తుంది. ఇంటికి దూరంగా గడిపే కాలానికి ప్రతిఫలమూ అందులోనే. సెలవు పెడితే చేతికొచ్చేది తగ్గుతుంది. అందుకే ఒంట్లో బాగాలేకున్నా బండెక్కేవాళ్ళున్నారు. పిల్లల ఫీజులు నాకు తెలియనివి కావు. కాని శరీరం ఆ లెక్కలు ఒప్పుకోదు.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. రాత్రి డ్యూటీ చేసేవారికి ఈ సామెత రెండో సగం వర్తించదు. మన మెదడులో ఒక గడియారం ఉంది. అది వెలుతురును బట్టి నడుస్తుంది. అటువంటి గడియారం కణాల్లో ఎలా పనిచేస్తుందో కనుగొన్న ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి 2 గంటల నుంచి తెల్లవారి 6 వరకు ఆ గడియారం మనిషిని నిద్రలోకే లాగుతుంది. పగలు పడుకుంటే అదే లేపుతుంది. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్నవాడి చురుకుదనం కొంత మద్యం తాగినవాడితో సమానమని ఆస్ట్రేలియాలో చేసి 1997లో ప్రచురించిన పరీక్షలు చూపించాయి. ఏళ్ళ తరబడి ఇలా సాగితే రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు దగ్గరవుతాయి.

విశ్రాంతి ఊరికే రాలేదు. 10 గంటల డ్యూటీ హామీ కోసం లోకో సిబ్బంది 1973లో సమ్మె చేయవలసి వచ్చింది. విమాన పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచుతూ 2024 జనవరిలో నియమాలు వచ్చాయి. అయితే రిజిస్టరులో రాసిన విశ్రాంతి వేరు, కంటికి పట్టిన నిద్ర వేరు. రెండోదాన్ని కాపాడవలసింది ఇంటివారే.

ఇక గురక సంగతి. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నారా? పగలు కునుకు, ఉదయం తలనొప్పి ఉన్నాయా? అయితే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్ర పరీక్షలో తేలుతుంది. బరువు తగ్గడం, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం, అవసరమైతే రాత్రిపూట గాలి యంత్రం, వీటితో అదుపులోకి వస్తుంది. వైద్యం అయ్యేదాకా బండి దిగవలసి రావచ్చు, అది దాచను. కాని దాచిన జబ్బు సిగ్నల్ దగ్గర బయటపడితే పోయేది మైలేజీ ఒక్కటే కాదు. పైగా సర్వీసులో ఉండగా శాశ్వతంగా అన్‌ఫిట్ అయినవారికి వేరే ఉద్యోగం చూపాలని రైల్వే నియమాలున్నాయి. కనుక భయపడి ఆగవద్దు.

ఇంట్లో పాటించవలసినవి:

డ్యూటీ దిగి రాగానే తేలికగా తిని పడుకోవాలి. బజారు పనులు, బ్యాంకు పనులు నిద్ర తర్వాతే. కిటికీలకు మందపాటి దుప్పటి కట్టండి. మిక్సీ, టీవీ, కాలింగ్ బెల్ ఆపండి. ఫోను కాల్ వచ్చేది కనుక ఇంకొకరి దగ్గర ఉంచండి.

రాత్రి డ్యూటీకి ముందు గంటన్నర పడుకోనివ్వండి. పడుకోబోయే 6 గంటల ముందు నుంచి టీ, కాఫీ వద్దు. నిద్ర కోసం మద్యం, సొంతంగా కొన్న నిద్రమాత్రలు అసలే వద్దు.

చాలా ఇంజన్లలో మరుగుదొడ్డి లేదని నీళ్ళు మానేస్తారు. మన వరంగల్ ఎండల్లో అది మూత్రపిండాల్లో రాళ్ళకు దారి. నీళ్ళ సీసా తప్పనిసరి. బండి ఆగినచోట మూత్రం బిగబట్టవద్దు.

40 దాటినవారు ఏడాదికోసారి రక్తపోటు, చక్కెర చూపించుకోండి. మెడికల్ పిలుపు వచ్చేదాకా ఆగకండి. మైలేజీ వచ్చే నెల కూడా వస్తుంది, మనిషి నిలబడి ఉంటే.