ఆటల పేజీని మడిచి పక్కన పెడదామా?

మన సంస్థల ఆఫీసుల్లో పేపరు కత్తిరింపుల ఫైళ్ళుంటాయి. వరకట్న చావులకొకటి, అత్యాచారాలకొకటి, పనిచోట వేధింపులకొకటి. వాటిలో ఆటల పేజీ నుంచి కత్తిరించిన వార్త కనిపించడం చాలా అరుదు. అది మగవాళ్ళ పేజీ అనీ, స్కోర్లు తప్ప అందులో మనకు పనికొచ్చేది ఏమీ ఉండదనీ మనమూ అనుకున్నాం. ఆ అలవాటుకు ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో తెలియాలంటే మహిళా రెజ్లర్ల పోరాటాన్ని మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

2023 జనవరి 18న వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా మరికొందరితో కలిసి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. భారత రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు, అప్పటి అధికార పార్టీ ఎంపీ బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మహిళా రెజ్లర్లను లైంగికంగా వేధించారన్నది వారి ఆరోపణ. ఆయన దాన్ని ఖండించారు. ప్రభుత్వం మేరీ కోమ్ అధ్యక్షతన కమిటీ వేసింది గాని, ఆ కమిటీ నివేదికను ప్రజల ముందు పెట్టలేదు. ఏప్రిల్ 23న వాళ్ళు మళ్ళీ రోడ్డెక్కారు. పోలీసులు కేసు నమోదు చేయడానికే సుప్రీంకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన వాళ్ళ పరిస్థితే ఇది. మరి జిల్లా పోటీల దాకా వచ్చిన పదిహేనేళ్ళ పిల్ల ఎవరి గడప తొక్కాలి?

మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమైంది. అదే రోజు ఆ భవనం వైపు కదిలిన రెజ్లర్లను పోలీసులు రోడ్డు మీద ఈడ్చి బస్సుల్లోకి ఎక్కించారు. ఆ రాత్రి కోట్లాది మంది అహ్మదాబాద్‌లో ఐ.పి.ఎల్. ఫైనల్‌కు అడ్డొచ్చిన వాన ఎప్పుడు తగ్గుతుందా అని ఎదురు చూశారు. క్రికెట్ చూడటం నేరం కాదు. కాని ఈ రెండు వార్తలూ ఆటకు సంబంధించినవే అయినా, ఒకదాన్నే మనం 'ఆట' అన్నాం. రెండోదాన్ని 'గొడవ' అన్నాం.

'క్రీడల్లోకి రాజకీయాలు తేవద్దు' అన్న మాట అప్పుడు తరచుగా వినిపించింది. ఎంపీలు, మంత్రులు క్రీడా సంఘాల అధ్యక్షులుగా ఏళ్ళ తరబడి కూర్చుంటే అది రాజకీయం కాదు. ఆడపిల్లలు న్యాయం అడిగితే మాత్రం రాజకీయమవుతుంది. ఈ మాటకు రెజ్లర్లు కూడా మొదట లోబడ్డారు. జనవరిలో సంఘీభావం తెలపడానికి వచ్చిన బృందా కారత్‌ను వేదిక దిగమన్నారు. ఏప్రిల్‌కల్లా అనుభవం నేర్పింది. అన్ని పార్టీలనూ, సంఘాలనూ రమ్మన్నారు. ఎంపిక, శిక్షణ శిబిరం, పోటీలకు వెళ్ళే అవకాశం అన్నీ సమాఖ్య చేతిలోనే ఉన్నప్పుడు క్రీడాకారిణికి మిగిలే బలం బయటి సమాజం మద్దతొక్కటే.

తర్వాత జరిగింది మనకు తెలుసు. 2023 డిసెంబర్‌లో బ్రిజ్ భూషణ్ సన్నిహితుడే సమాఖ్య అధ్యక్షుడయ్యాడు. సాక్షి తన బూట్లు బల్ల మీద పెట్టి కుస్తీకి సెలవు చెప్పింది. 2024లో కైసర్‌గంజ్ పార్లమెంటు స్థానంలో బ్రిజ్ భూషణ్ కొడుకు గెలిచాడు. ఆ ఏడాది మేలో ఢిల్లీ కోర్టు బ్రిజ్ భూషణ్‌పై అభియోగాలు నమోదు చేసింది. ఆయన నేరం ఒప్పుకోలేదు. మైనర్ ఫిర్యాదుపై పెట్టిన కేసు, ఆమె వాంగ్మూలం మారాక, 2025 మేలో మూతపడింది. నేరం తేల్చవలసింది న్యాయస్థానం. మన ప్రశ్న వేరు. ఫిర్యాదు చేసుకోవడానికి వాళ్ళకు రోడ్డు తప్ప వేరే చోటు ఎందుకు లేకపోయింది?

2024 ఆగస్టులో పారిస్‌లో వంద గ్రాముల బరువు ఎక్కువైందని వినేశ్‌కు ఫైనల్ ఆడే అవకాశం పోయినప్పుడు దేశమంతా కన్నీరు పెట్టింది. పోయిన పతకం కోసం ఏడ్వగలిగిన మనం, ఏడాది కిందట ఆమె చెప్పిన మాట వినలేకపోయాం. తర్వాత ఆమె హర్యానా శాసనసభకు ఎన్నికైంది. సంతోషమే. కాని మాట చెల్లాలంటే ప్రతి బాధితురాలూ ఎమ్మెల్యే కావాలా?

పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం శిక్షణ కేంద్రాన్నీ, స్టేడియాన్నీ, పోటీలు జరిగే స్థలాన్నీ పనిస్థలంగానే పేర్కొంది. మహిళ అధ్యక్షతన, సగానికి తగ్గకుండా మహిళలతో అంతర్గత కమిటీ ఉండాలంది. అయినా పదేళ్ళ తర్వాత కూడా దాదాపు సగం జాతీయ సమాఖ్యల్లో చట్టం చెప్పినట్టు కమిటీలు లేవని పత్రికలు బయటపెట్టాయి. దానిపై జాతీయ మానవ హక్కుల సంఘం 2023 మేలో నోటీసులిచ్చింది. క్రీడల పాలనపై 2025లో కొత్త చట్టమూ వచ్చింది. చట్టాలు కాగితం దిగి మైదానానికి రావాలంటే ఎవరో ఒకరు అడగాలి.

ఆ అడిగే పని మనది. మన జిల్లా స్టేడియంలో, క్రీడా హాస్టల్లో కమిటీ ఉందా? అందులో ఎవరెవరున్నారు? వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద రాసి ఉన్నాయా? కమిటీ లేకపోతే, లేదా ఫిర్యాదు పై అధికారి మీదే అయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చని ఆ పిల్లలకు ఎవరైనా చెప్పారా? వచ్చే మూడు నెలల్లో ఒక్కో బృందం ఒక్కో మైదానానికి వెళ్ళి అడిగి రావాలని కోరుతున్నాం. మీకు తెలిసిన సంగతులు మాకు రాయండి. ఫైళ్ళలో కొత్తదొకటి తెరుద్దాం. రేపు పేపరు రాగానే ఆటల పేజీ కూడా చదువుదాం.