మధ్యాహ్నం మాత్ర ఎవరిస్తారు?

పార్కిన్సన్ జబ్బు అనగానే మన పత్రికలు హైదరాబాద్‌లో మెదడులోకి తీగలు పంపే ఆపరేషన్ గురించి రాస్తాయి. లక్షలు ఖర్చయ్యే ఆ చికిత్స కొద్దిమందికే పనికొస్తుంది. తెలంగాణలోని మా ఆలంపూర్ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లను మంచాన పడేసేది ఆ ఆపరేషన్ అందకపోవడం కాదని నా వాదన. జబ్బును ఎవరూ గుర్తించరు. గుర్తించినా మాత్ర వేళకు పడదు.

‘ముసలితనం గదా, వణుకు రాకుంటదా’ అన్న ఒక్క మాటతో ఏళ్లు గడిచిపోతాయి. అసలు వణుకే రాని పార్కిన్సన్ రోగులూ చాలామంది ఉంటారు. మెదడు లోపల డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చాలాకాలం పాటు చడీచప్పుడు లేకుండా తగ్గిపోతూ వస్తాయి. కదలికలు మందగించడం, ఒళ్లు బిగుసుకుపోవడం అందులోంచి వచ్చేవే. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని ఆరుగురిని చూసి వర్ణించాడు. వాళ్లలో కొందరు ఆయనకు వీధిలో కనబడ్డవాళ్లే. ఇప్పటికీ దీన్ని ప్రధానంగా చూపుతోనే, రోగిని నడిపించి, చేతులు ఆడించమని చెప్పి నిర్ధారిస్తారు. కాబట్టి మొదటి అనుమానం రావడానికి పెద్ద డాక్టరే అక్కర్లేదు, ఆశా కార్యకర్త చాలు.

అయితే ఆమెకు ఏం చూడాలో మన భాషలో, మన పనుల్లో చెప్పాలి. సంతకం చిన్నదైపోవడం తొలి గుర్తుల్లో ఒకటని పుస్తకాల్లో ఉంటుంది. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రంలోనే అక్షరాస్యత అట్టడుగున ఉన్న మన జోగులాంబ గద్వాల జిల్లాలో, వేలిముద్ర వేసే అవ్వ దగ్గర ఆ గుర్తు ఏం పనికొస్తుంది? జొన్నరొట్టె తట్టేటప్పుడు ఒక చెయ్యి వెనకబడుతోందా, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి మునుపటికంటే చాలాసేపు పడుతోందా, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగడం లేదా, నిద్రలో అరుస్తూ చేతులు విసురుతోందా, వాసనలు తెలియడం లేదా అని అడగాలి. భుజం పట్టేసిందని ఎముకల డాక్టరు చుట్టూ తిరిగి, చివరికి నరాల డాక్టరు దగ్గర తేలే కేసులు కొత్తేమీ కాదు.

ఇంకో చిక్కు మందులతోనే వస్తుంది. కళ్లు తిరుగుతున్నాయంటే సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, వాంతులంటే మెటోక్లోప్రమైడ్ ఇవ్వడం పల్లెల్లో మామూలే. ఇవి నెలల తరబడి వాడితే పెద్దవయసు వాళ్లకు అచ్చం పార్కిన్సన్ లాంటి లక్షణాలు రావచ్చు. జబ్బు ముందే ఉంటే ముదురుతుంది. అందుకే డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ సంచిలో వేసుకుని పోవాలి.

ఈ జబ్బుకు లెవోడోపా ఇప్పటికీ ముఖ్యమైన మందు. మన చేలగట్ల మీద కనిపించే దూలగొండి గింజల్లో ఇది ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపారు. దీన్ని నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇచ్చి ఫలితం రాబట్టవచ్చని అమెరికాలో కోట్జియాస్ 1967లో నిరూపించాడు. అలాగని గింజలు ఏరుకొచ్చి నూరి తాగితే మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు, ఆ పని చేయకూడదు. లెవోడోపాకు కార్బిడోపా కలిపిన మాత్ర ఉంది, అది దేశపు అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది. జబ్బు ముదిరే కొద్దీ ఒక్కో మాత్ర మూడు నాలుగు గంటలే పనిచేస్తుంది. పైగా పప్పు, గుడ్డు, పాలతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. తిండికి అరగంట ముందు పడాలి.

అసలు ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఈ నడిగడ్డ ప్రాంతంలో సీడ్‌పత్తి పూలను చేత్తో సంకరం చేసే క్రాసింగ్ పనులు మొదలైతే ఇంటిల్లిపాదీ పొద్దున్నే చేనుకు పోతారు. కొడుకులు కొందరు పుణేకో హైదరాబాద్‌కో వలస పోయి ఉంటారు. ఉదయం మాత్ర కోడలు ఇచ్చిపోతుంది. పదకొండుకు, మూడింటికి వేయాల్సినవి ఎవరివ్వాలి? రెండు మాత్రలు తప్పితే పెద్దాయన అరుగు మీదే బిగుసుకుపోతాడు. పొద్దున నడిచినోడు ఇప్పుడు లేవనంటే నాటకమని ఇరుగుపొరుగు అంటారు. అది నాటకం కాదు, మందు బలం దిగిపోవడం. సెల్‌ఫోన్‌లో అలారం, డబ్బాలో వేళల వారీగా వేరుచేసిన మాత్రలు, పక్కింటి వాళ్లకు ఒక మాట: ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకూడదు. నేల మీద అడుగు దూరంలో అడ్డంగా ముగ్గుపిండితో గీతలు గీసి, వాటిని దాటమంటే చాలామందికి అడుగు కదులుతుంది. మింగడం కష్టమైనప్పుడు గట్టి రొట్టె ముక్కలు పెట్టకుండా మెత్తగా చేసి, కూర్చోబెట్టి తినిపించాలి.

పురుగుమందుల మాట కూడా చెప్పాలి. పారాక్వాట్ వంటి కలుపుమందులకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని కాలిఫోర్నియా రైతు ప్రాంతాల పరిశోధనలు సూచించాయి. పత్తి చేలల్లో ఏళ్ల తరబడి మందు కొట్టినవాళ్లున్న ఈ ప్రాంతంలో అలాంటి లెక్క తీయాల్సిన బాధ్యత 2024లో గద్వాలలో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలదే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో పార్కిన్సన్‌ను పేరుపెట్టి చేర్చింది. ధ్రువపత్రంలో కనీసం 40 శాతం వైకల్యం ఉంటే ప్రయోజనాలకు అర్హత వస్తుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది, అప్పటికి వృద్ధాప్య పింఛను 2,016. కానీ మాత్ర బలం ఉన్న గంటలో వైకల్య నిర్ధారణ శిబిరానికి వెళ్లిన రోగి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. మందు దిగినప్పుడు ఎలా ఉంటాడో అక్కడి వైద్య బోర్డు అడిగి తెలుసుకోవాలి. ఇంటివాళ్లు ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లడం మంచిది.

ఆలంపూర్ వాళ్లకు దగ్గరి పెద్దాసుపత్రి తుంగభద్ర అవతల కర్నూలులో, వేరే రాష్ట్రంలో ఉంది. పింఛను కాగితాలకు మాత్రం గద్వాల వైపు తిరగాలి. రోగ నిర్ధారణకు ఒకసారి అంతదూరం పోవచ్చు, నెలనెలా మాత్రల కోసం పోలేరు. బీపీ, షుగర్ గోళీలు ఊళ్లోకి వస్తున్న దారిలోనే లెవోడోపా–కార్బిడోపా కూడా రావాలి. నిల్వ అయిపోయిందని ఈ మందును ఒక్కసారిగా ఆపితే తీవ్ర జ్వరం, బిగుసుకుపోవడంతో ప్రాణం మీదికి రావచ్చు. జిల్లా వైద్యాధికారులు వచ్చే మందుల ఇండెంట్‌లోనే దీన్ని చేర్చాలి.