మా చెల్లి కన్నూ, నా మునగాకు కూరా

అక్కయ్యలూ, ఈ వారం వంట సంగతి కాదు, మా చెల్లెలి సంగతి రాస్తున్నాను. తనే రాయమంది.

2019 ఎండాకాలంలో తణుకు నుంచి ఫోన్ చేసింది. "కుడి కన్ను మసగ్గా ఉందే అక్కా, తిప్పితే నొప్పి" అని. అప్పటికి దానికి ముప్పై ఏళ్లు, చంకలో పిల్లాడు. నేనేమన్నాను? "పాలిచ్చే ఒళ్లు కదా, నీరసం. మునగాకు వండుకు తిను" అన్నాను. మరిది కళ్లజోడు మార్పించాడు. మూడు వారాలకి చూపు దానంతటదే తిరిగొచ్చింది. చూశావా నా మునగాకు మహిమ అని నవ్వాను కూడా.

తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు. వేణ్నీళ్లు పోసుకుంటే కాళ్లు తేలిపోయేవట. వాళ్లత్తగారు పని ఎగ్గొట్టే తిమ్మిర్లన్నారు. ఒక డాక్టరు బి12 ఇంజక్షన్లు రాశాడు. 2021లో ఓ పొద్దున్న కాలు ఈడుస్తూ లేచింది. అప్పుడు హైదరాబాదు తీసుకెళితే, నరాల డాక్టరుగారు ఎమ్మారై తీయించి, వెన్నులోంచి నీరు తీయించి చూసి చెప్పారు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని. ఆ పేరు పలకడానికే నాకు నాలుగు రోజులు పట్టింది.

మిక్సీ వైరుకి తొడుగున్నట్టే నరాలకీ ఉంటుంది. మన ఒంటి రక్షణశక్తే పొరపాటున మెదడులో, వెన్నుపాములో ఆ తొడుగుని కొరికేస్తుంది. ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ. వచ్చి పోతుంటుంది, అదే దాని మోసం. పైకి తగ్గినా లోపల మచ్చ మిగులుతుంది. పోయిన నరం మళ్లీ రాదు.

"మొదటే తీసుకొస్తే?" అని అడిగాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

స్టెరాయిడు ఎక్కిస్తే అప్పటి దాడి తగ్గుతుందంతే. తర్వాతి దాడుల్ని తగ్గించే మందు వేరు. అమెరికాలో ఇంటర్‌ఫెరాన్‌కి 1993లో అనుమతి వచ్చేదాకా అలాంటిదే లేదు. మొన్నమొన్నటిదాకా చిన్న మందుతో మొదలెట్టి, ముదిరాక గట్టిది ఇచ్చేవారు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు మొదట్లోనే గట్టిది మేలంటున్నారు. ధర వింటేనే గుండె గుభేలుమంటుంది! మా చెల్లికి ఆరునెలలకోసారి రిటుక్సిమాబ్ ఎక్కిస్తున్నారు. ఒకరకం రక్త క్యాన్సరుకి వచ్చిన మందిది. మన దేశంలోనే తయారవుతోంది కాబట్టి మిగతావాటికన్నా చవక. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బుకి కూడా దీన్ని తప్పనిసరి మందుల జాబితాలో చేర్చింది. చవకంటే చవకేం కాదు, గొలుసు అమ్ముకుంది పిచ్చితల్లి. ఎక్కించేముందు టీబీకి, హెపటైటిస్ బికి పరీక్షలు చేయించారు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. అన్నట్టు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరుంది, సర్టిఫికెట్టు అడగండి.

ప్రతి తిమ్మిరీ ఇదే కాదు, కంగారుపడకండి. కానీ ఒక కన్ను మసకబారి కదిపితే నొప్పెట్టినా, తిమ్మిరి రోజుల తరబడి వదలకపోయినా, తగ్గిపోయిందిలే అనుకోకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మొన్న దసరాకి వచ్చినప్పుడు భయపడుతూనే మునగాకు వేపుడు చేశాను. "మహిమ లేదు గానీ రుచుందే అక్కా" అంది, చేతికర్ర గోడకి ఆనించి మారు వడ్డించుకుంటూ.