దయ్యం పట్టిన ముఖం, రాగి పట్టిన మెదడు

ఎదిగే వయసు పిల్లల్లో చేతులు రెక్కల్లా కొట్టుకోవడం, మాట ముద్దగా రావడం, చొంగ కారడం, మెడా కాళ్ళూ మెలితిరగడం, ముఖ కండరాలు బిగుసుకుని కారణం లేని నవ్వులా కనిపించడం మొదలైతే, గాలి సోకిందనో, చేతబడి జరిగిందనో భూతవైద్యుని వద్దకు తీసుకుపోయే కుటుంబాలు తెలుగునాట నేటికీ ఉన్నాయి. ఈ లక్షణాలను కలిగించే ఒక వంశపారంపర్య వ్యాధిని లండన్‌లో పనిచేసిన నరాల వైద్యుడు కినియర్ విల్సన్ 1912లోనే వివరించాడు. దానికి ఆయన పేరే నిలిచింది.

ఆహారంలోని రాగిలో దేహానికి అక్కరలేని భాగాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపుతుంది. ఏటీపీ7బీ అనే జన్యువు చెడితే ఆ పని కుంటుపడి, రాగి కాలేయంలోను, ఆపైన మెదడులోను, కంటి కార్నియా అంచున గోధుమరంగు వలయంగాను పేరుకుంటుంది. ఎంఆర్ఐ తీస్తే, కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియా అనే లోతట్టు కేంద్రాలు, ముఖ్యంగా వాటిలోని పుటమెన్, కొన్ని చిత్రాల్లో అసహజమైన తెలుపుతో కనిపిస్తాయి. కొందరిలో మధ్యమెదడు పాండా ముఖాన్ని తలపిస్తుంది. అంటే వైద్యుని కంటికీ అక్కడ ఒక ముఖం కనిపిస్తుంది. అయితే ఆయన అంతటితో ఆగక, రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌ను, 24 గంటల మూత్రంలోని రాగిని కొలిపించి, తన అనుమానం తప్పయితే తప్పని తేలే అవకాశం ఇస్తాడు. భూతవైద్యుడు అలాంటి అవకాశం ఇవ్వడు: తగ్గితే మంత్ర మహిమ, తగ్గకపోతే దయ్యం మొండిది. ఓడిపోవడానికి వీలే లేని వాదన జ్ఞానం కాదు.

ఒకే ఇంట ఇద్దరు పిల్లలకు వస్తే వంశానికి శాపమంటారు. చెడిన జన్యువును తల్లిదండ్రులిద్దరూ మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికం అలాంటి ఇద్దరు జతపడే అవకాశాన్ని పెంచుతుంది. ఆచారమని గౌరవించినంత మాత్రాన ఈ లెక్క మారదు.

రాగిని బయటికి లాగే పెనిసిలమైన్ అనే మందును బ్రిటిష్ వైద్యుడు జాన్ వాల్ష్ 1956లో ప్రకటించాడు. రాగి పేగులో ఇంకకుండా ఆపే జింక్ కూడా ఉంది. చికిత్స తొలి వారాల్లో కొందరికి వణుకు పెరగవచ్చు. దాన్ని దేవత ఆగ్రహమనుకుని మందు మానడం ప్రాణాంతకం. రాగి చెంబులో నిలవ ఉంచిన నీరు అందరికీ ఆరోగ్యమన్న ప్రచారం ఈ రోగులకు హానికరం. మందు జీవితాంతం వాడాలి. రోగి తోబుట్టువులకు ఏ లక్షణమూ లేకపోయినా తప్పక పరీక్ష చేయించాలి.