పరదేశోపాధ్యాయుల పూర్వచరిత్ర

బిడ్డను బడికి పంపు తండ్రి ఉపాధ్యాయుని పాండిత్యమును విచారించును. నడవడిని మాత్రము ఊరివారి మాటపై నమ్మును. ఉపాధ్యాయుడు సముద్రములు దాటి వచ్చినవాడైనచో అతనినిగూర్చి చెప్పగల ఊరివారే లేరు. ఈ లోటును పూరించుటకై నేరచరిత్ర లేదను ధ్రువపత్రమును తెమ్మని పెక్కు దేశములు పరదేశోపాధ్యాయులను కోరుచున్నవి. ఈ కోరిక న్యాయమైనదని మా నిశ్చితాభిప్రాయము. కాని యిది స్వదేశీయునికిని పరదేశీయునికిని సమముగా వర్తింపవలెను. పత్రము చేతికి వచ్చినంతనే కావలివాని పని తీరినదని యెవ్వరును తలంపరాదు.

అడుగవలసినదానిని అడుగకుండుటవలన ఎంతటి కీడు వాటిల్లునో తెలిసికొనుటకు ఒక్క యుదాహరణము చాలును. అమెరికాలోని కాలిఫోర్నియాయందు 1969లో బాలురపై దురాచారము చేసిన నేరమునకు ఒక యువకుడు శిక్ష నొందెను. అతడే ఉపాధ్యాయుడై 1972 మొదలుకొని నాలుగు దశాబ్దములకాలము ఇరాను, లెబనాను, సౌదీ అరేబియా, ఇండొనీషియా, వెనెజులా, ఇంగ్లండు మున్నగు దేశముల అంతర్జాతీయ పాఠశాలలలో బోధించెను. 2014లో నికరాగ్వాయందు అతనినుండి దొంగిలింపబడిన యొక చిన్న పరికరములో తొంబదిమందికి తక్కువకాని బాలుర చిత్రములు బయటపడినవి. పిదప కొన్ని దినములకే అతడు ఆత్మహత్య చేసికొనెను. 1969నాటి తీర్పు కాలిఫోర్నియా దస్త్రములలో పదిలముగనే యుండెను. దానిని వెదకి చదివి అతనిని వాకిటనే నిలిపినవారు లేరైరి. ఉన్న కాగితమును చదువకపోవుటయే ఇచటి దోషము.

ఇందుకు భిన్నమైన కథ దక్షిణ కొరియాలో జరిగినది. 2007 అక్టోబరులో ఇంటర్‌పోలువారు ఒక అపరాధి ముఖచిత్రమును ప్రకటించి, అతనిని గుర్తింపుడని ప్రపంచప్రజలను కోరిరి. ముఖము తెలియకుండ చెరిపివేయబడిన చిత్రమును జర్మను పోలీసులు సరిచేసి యిచ్చిరి. ఆ మనుష్యుడు కొరియాలో ఆంగ్లము బోధించుచుండిన కెనడా దేశస్థుడు. ఆ నెలలోనే అతడు థాయిలాండులో పట్టువడెను. కొరియా ప్రజలు ఆగ్రహించిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే ప్రభుత్వమువారు పరదేశ భాషోపాధ్యాయులకు క్రొత్త నిబంధనలు విధించిరి. నేరచరిత్ర పత్రము కోరిరి. మత్తుపదార్థముల పరీక్షయు, హెచ్.ఐ.వి. పరీక్షయు దానికి జోడించిరి. అయితే అతడు అంతకుముందెన్నడును శిక్ష నొందినవాడు కాడు. ఎవరినిబట్టి ఈ పత్రము పుట్టినదో, ఆతనినే యది పట్టజాలకపోయెడిది!

నేరచరిత్రను విచారించుట సబబే. హెచ్.ఐ.వి. పరీక్ష మాటయో? రోగము నేరము కాదు. పైగా కొరియా పౌరులగు ఉపాధ్యాయులకును, కొరియా సంతతివారగు పరదేశీయులకును ఆ పరీక్ష లేదు. ఒకే తరగతిలో ఒకే పాఠము చెప్పు ఇరువురిలో ఒకనిని పుట్టుకనుబట్టి శంకించుటయే యిది. న్యూజీలాండు దేశీయురాలగు ఒక ఉపాధ్యాయిని ఆ పరీక్షకు మరల లొంగ నిరాకరించి ఐక్యరాజ్యసమితి జాతివివక్షా నిర్మూలన సంఘమునకు మొఱపెట్టుకొనెను. ఆమె పక్షమున ఆ సంఘము 2015లో నిర్ణయము ప్రకటించినది. 2017లో కొరియా ఆ పరీక్షను తొలగించినది. నేరచరిత్ర పత్రము మాత్రము నిలిచియున్నది, నిలువవలసినదియు అదియే.

ఈ భేదమును గ్రహించుట మన దేశీయులకు కష్టము కాదు. 1906లో ట్రాన్సువాలు ప్రభుత్వము ఆసియావాసులందఱును వ్రేలిముద్రలు వేసి నమోదు కావలెనని శాసించినపుడు, గాంధీగారు మనవారిని కూడగట్టి ఎదిరించిరి. ఒక మనుష్యుడు చేసిన పనినిగూర్చి ప్రశ్నించుట వేఱు. అతడు పుట్టిన జాతినిబట్టి ముద్ర వేయుట వేఱు. మొదటిది న్యాయరక్షణము, రెండవది అవమానము.

ఇక పత్రముయొక్క శక్తి యెంతయో చూతము. మన దేశమున దానిని పాసుపోర్టు కార్యాలయమువారు పోలీసుల నివేదికనుబట్టి యిత్తురు. హైదరాబాదునుండియో విజయవాడనుండియో గల్ఫు దేశములకు బోధనకై పోవువాడు దానిని చేకొని పోవును. పదియేండ్లు అచట గడపి మఱియొక దేశమునకు పోయినచో, మన పత్రము ఆ పదియేండ్ల సంగతి చెప్పజాలదు. కావున నివసించిన ప్రతి దేశమునుండియు వేఱువేఱుగ పత్రమును కోరుట అవసరము. ఇంగ్లండువారు 2012 మొదలుకొని విదేశములందు పిల్లలతో పనిచేయబోవువారికి ప్రత్యేకమైన బాలరక్షణ ధ్రువపత్రము నిచ్చుచున్నారు. ఇతర దేశములును ఈ మార్గము నవలంబింపవలెను. పేర్ల చిక్కు మఱియొకటి కలదు. ఇంటిపేరు ముందుండు తెలుగువాని పేరు విదేశ దస్త్రములలో తలక్రిందులగుట అనుభవజ్ఞులెఱుగుదురు. ఒకని నేరము మఱియొకని పేర పడకుండ, నిరపరాధి తన మాట చెప్పుకొనుటకు అవకాశ ముండితీరవలెను.

పత్రముకంటె హెచ్చు హాని చేయగలది పాఠశాలల మౌనము. ఫిర్యాదు వచ్చినపుడు, పరువు పోవునను భయముచే విచారణ మాని, యోగ్యతాపత్రము చేతికిచ్చి ఉపాధ్యాయుని సాగనంపు యాజమాన్యములు కలవు. అట్టివాడు న్యాయస్థానము మెట్లెక్కడు. అతని నేరము ఏ దస్త్రమునకును ఎక్కదు. ఒక బడివారు తమ గడప శుభ్రము చేసికొనుటకై కసవును పొరుగువాని వాకిట పోయుటయే గదా యిది! పూర్వపు ప్రధానోపాధ్యాయుని స్వయముగ ప్రశ్నింపక, అభ్యర్థి తెచ్చిన జాబునే నమ్ముట ఎంతమాత్రము తగదు.

పరుల ఇంటి తీరు చెప్పునపుడు మన యిల్లును చూచుకొనవలెను. 2022 అక్టోబరులో హైదరాబాదునందలి ఒక పాఠశాలలో నాలుగేండ్ల పసిబిడ్డపై అత్యాచారము జరిగినట్లు వెల్లడియై తెలుగువారి హృదయములను కలచివైచినది. అపరాధి పరదేశీయుడు కాడు, ఉపాధ్యాయుడును కాడు. ప్రిన్సిపాలుగారి కారు నడపువాడు. 2023లో న్యాయస్థానము అతనికి ఇరువదియేండ్ల శిక్ష విధించినది. పిల్లలతో నిత్యసంబంధముగల ప్రతి సంస్థయు తన సిబ్బంది యందఱి పూర్వచరిత్రను కాలానుసారముగ పోలీసులచే విచారింపజేయవలెనని 2012నాటి పోక్సో చట్టముక్రింది 2020 నిబంధనలు శాసించుచున్నవి. నిబంధన యున్నదని సంతసింపక అది నడచుచున్నదాయని అడుగుట పెద్దల విధి.

పాఠశాలల పాలకవర్గములలో కూర్చుండు గ్రామపెద్దలకును పట్టణప్రముఖులకును మా విన్నపము. ఉపాధ్యాయుడు మొదలు బండి నడపువానివఱకు అందఱి పత్రములును చూడుడు. పత్రము లేనివానిని తరగతిలో అడుగిడనీయకుడు, ఉన్నవానినిగూర్చియు ఏమఱకుడు. బిడ్డ భయపడి చెప్పిన మాటను గద్దించి అణపకుడు. సజ్జనుడగు ఉపాధ్యాయునికి ఈ విచారణ అవమానము కాదు. అతని మంచిపేరునకు అది రక్ష. శంక పరదేశీయునిపై మాత్రమే నిలుపు దేశము తన పిల్లలకు సగము కావలియే కాయుచున్నది.