పసుపు గొప్ప – రైతు ధర్మము

పసుపునందలి కర్కుమిన్ ముదిమిచే అవయవములకు గలుగు ఆక్సీకరణ హానిని మాన్పునని ప్రకటనలు చాటుచున్నవి. ఎలుకలయందు కొంత గుణము కనబడినది. మనుష్యుల పేగులు మాత్రము దానిని మిగుల స్వల్పముగ గ్రహించును. మిరియపుసారము చేర్చిన గాఢమైన మాత్రలవలన కొందఱి కాలేయమే చెడినది. కూరలోని చిటికెడు పసుపునకు ఆ భయము లేదు.

పసుపు అవయవములను కాపాడునో లేదో ఇంకను తేలలేదు. మెఱుగుకొఱకు సీసపు క్రోమేటు పూసిన పసుపు మెదడును, మూత్రపిండములను చెఱచుట నిశ్చయము. బంగ్లాదేశమున 2019లో ఈ కల్తీ వెల్లడికాగా, ప్రభుత్వము దండనలు విధింపగా, 2021 నాటికి విపణినుండి దాదాపు తొలగినది.

మనము దండనకై వేచియుండనేల? మెఱుపునకే ధర పలుకునందురు. కావున ఒక్కొక్కరుగాక సంఘమే రంగు పూయని కొమ్ములను పరీక్షింపించి, వేఱుగ మూటగట్టి, దుగ్గిరాల, నిజామాబాదు విపణులకు పంపవలెను. ఔషధమని చాటుట వర్తకుల పని. విషము కలుపకుండుట మన ధర్మము.